మెరుపు చూసి లక్షలు పోయమంటారా?

ఇవాళ మా బావతో కలిసి హైదరాబాద్‌లో ఒకాయన దగ్గరికి పాత .32 సైజు రివాల్వర్ చూడ్డానికి వెళ్లాను. ఆయనకీ లైసెన్సు ఉంది, బావకీ ఉంది, కాగితాల గొడవ ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో తయారైన వెబ్లీ స్కాట్ కంపెనీది. తూటాలు లేవని చూసుకుని, విరిచి (ఈ రకం కీలు దగ్గర మడిచి తెరుచుకుంటుంది), గొట్టంలోకి టార్చి వేశానో లేదో ఆయనకి ముఖం మాడిపోయింది. "వెబ్లీకి కూడా పరీక్షలేంటి సార్? మీరు కాకపోతే ఇంకొకరు తీసుకుంటారు" అన్నాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నా ఆ మాట మాత్రం మింగుడుపడటం లేదు.

సంతలో ఎద్దుని కొనేవాడు కూడా నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. లక్షలు పోసి, ప్రాణం మీదికొస్తే చేతిలోకి తీసుకోవాల్సిన వస్తువుని చూడకుండా కొనాలా?

పైకి అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపే నాకు నచ్చలేదు. నికెల్ పూత కొత్తగా వేయించారు. గొట్టం పక్కన చెక్కిన అక్షరాల అంచులు కరిగిపోయినట్టున్నాయి, నంబరులో ఒక అంకె సగం లోతే మిగిలింది. తుప్పు గుంటల్ని కప్పడానికి ముందు గట్టిగా బఫింగ్ కొట్టిస్తే, అంటే రుద్ది పాలిష్ చేయిస్తే, వచ్చే రూపం అది. స్క్రూల తలలు చిట్లి ఉన్నాయి, అంటే చేతకానివాడెవడో విప్పి బిగించాడు. నంబరు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గుర్తింపు నంబరు చెరిపేసిన ఆయుధం దగ్గరుంటే, ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద అది మీరే చెరిపారని అనుకుంటారు. కాదని నిరూపించుకోవడం మీ పని. అమ్మినవాడు హాయిగా పడుకుంటాడు.

లోపలి సంగతి ఇంకా ఘోరం. ఖాళీ రివాల్వర్ వెనకున్న హ్యామర్‌ని (తూటాని కొట్టే సుత్తి) నిదానంగా వెనక్కి లాగితే, పూర్తిగా లాగేసరికి తూటాలుండే సిలిండర్ తన చోట టక్కున ఆగి తాళం పడాలి. అందులోని ఆరు తూటా గదులూ విడివిడిగా చూడాలి, ఒకటి చూసి వదిలేస్తే లాభం లేదు. ఇందులో రెండు గదులు చివరిదాకా రావడమే లేదు, వేలితో కొంచెం తోస్తే తప్ప. అలాంటప్పుడు పేలిస్తే తూటా గొట్టంలోకి సూటిగా వెళ్లదు, అంచుకి గీసుకుని సీసం ముక్కలు పక్కలకి చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి కంటికి దిక్కెవరు? ఇక ఈ విరిచే రకానికి అసలు ప్రాణం పైనున్న కొక్కెం, కింద ఉన్న కీలు. మూసి, గొట్టం ఒక చేత్తో, పిడి ఒక చేత్తో పట్టుకుని కదిపితే లొడలొడ. అది వదులైతే రిపేరు అంత సులువు కాదు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? కొన్ని మరీ పాతవాటిలో తూటా గది పొట్టి .32 తూటాకే చేసి ఉంటుంది, పొడుగు (లాంగ్) తూటా అందులో పట్టదు. కొనేముందు అదీ అడగాలి.

ఇంత అధ్వానపు సరుకుకి ఇంత పొగరు ఎక్కడిది? 1980లలో మామూలు జనానికి దిగుమతులు ఆగిపోయాయి, అక్కడి నుంచి వచ్చింది. అప్పటికి దేశంలో ఉన్న విదేశీవే చేతులు మారుతున్నాయి. కొత్తది కావాలంటే చాలాకాలం ఎక్కువగా కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకే దిక్కయింది. అక్కడి నుంచి 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ధర అప్పుడే లక్షా ఇరవై వేలు దాటింది. దాంతో పాత ఇంగ్లీషు పేరు కనపడితే చాలు, లోపల ఏముందో చూడకుండా ఎగబడుతున్నారు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల నుంచి రెండుకి తగ్గించారు. మూడోదాన్ని వదిలించుకోవాల్సి వచ్చినవాళ్లలో బీరువాలో పడేసి ఏళ్ల తరబడి నూనె చుక్క వేయనివాళ్లు కూడా ఉండేవారు. తోలు ఒరలో పెట్టి దాచడం అన్నిటికంటే దరిద్రం. తోలు తేమ పట్టి ఇనుముని తినేస్తుంది. ఒరలో ఏ వైపు ఒత్తుకుందో ఆ వైపే గుంటలు పడతాయి, చూడండి కావాలంటే.

అసలు తుప్పు మాటెత్తితే నా కడుపు మండేది ఇంకోచోట. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు ఉన్నవాళ్లని ఆయుధం డిపాజిట్ చేయమంటారు. సరే, శాంతిభద్రతలు, ఒప్పుకుంటా. మా నాన్నగారు ప్రతి ఆదివారం గుడ్డతో తుడిచి, మెషిన్ నూనె రాసి చంటిపిల్లాడిలా చూసుకున్న రివాల్వర్‌ని ఒకసారి అలాగే డిపాజిట్ చేశారు. నెలల తర్వాత తిరిగిస్తే గొట్టం చివర ఎర్రటి మచ్చలు, సిలిండర్ తిప్పితే కరకర. "ఇచ్చినప్పుడే ఇలా ఉందేమో" అన్నారు డిపాజిట్ తీసుకున్నవాళ్లు. రసీదులో నంబరు రాశారు గానీ స్థితి ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు, ఇక ఎవరితో వాదిస్తాం? ఆయన నోరు మెదపకుండా ఇంటికొచ్చి వరండాలో కూర్చుని సాయంత్రం దాకా రుద్దుతూనే ఉన్నారు.

మా బావకి గట్టిగా చెప్పాను, ఈ వెబ్లీ వద్దు. వేరేది దొరికినా అమ్మేవాడు ముందు కలెక్టరుకో స్టేషన్‌కో రాసిచ్చి నలభై అయిదు రోజులు ఆగాలి, చట్టమే అంత గడువు పెట్టింది. ఆ గడువులో నాలుగుసార్లు విప్పి చూసుకోవచ్చు. ఇక డిపాజిట్ తీసుకునేవాళ్లకి నా డిమాండ్ ఒక్కటే: రసీదు మీద నంబరు పక్కనే తుప్పు ఉందా లేదా, సిలిండర్ తిరుగుతోందా లేదా రాసి, మా ముందే సంతకం పెట్టండి. మీరు చేయకపోతే ఈసారి ఫొటోలు తీసి, వాటి మీద మీ సంతకం పెట్టించుకున్నాకే ఇస్తాం.