గెజిటెడ్ కాని వాడు బ్లూ-బ్లాక్ సిరా గారికి పెట్టుకున్న అర్జీ

మహారాజశ్రీ బ్లూ-బ్లాక్ సిరా గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి మీ పాత భక్తుడు నమస్కరించి రాయునది. ఇక్కడ ఎండలు తప్ప అంతా క్షేమం. తమరు సీసాలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం బాల్ పెన్నుతో రాస్తున్నందుకు ముందుగా క్షమించాలి. ఐదు రూపాయల పెన్ను, మొన్న జెరాక్స్ షాపులో కొన్నాను. ఎందుకు కొనాల్సి వచ్చిందో తమరికి తెలుసు.

తెలియనట్టు మొహం పెడితే చెప్తాను, వినండి.

మా నాన్న పేర ఉన్న స్థలం నా పేరుకి మార్చమని ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకుని పోయాను. నాలుగు పేజీలు. ముందురోజు రాత్రి కాగితాలు ఎగరకుండా ఫ్యాన్ ఆపేసి మరీ రాశాను. సర్వే నంబరు రాస్తున్నప్పుడు తమరు ఎంత ముచ్చటగా ఉన్నారంటే, రాయడం ఆపి కాసేపు చూస్తూ కూర్చున్నా. వాన వచ్చే ముందు మైపాడు సముద్రం రంగు. మా ఆవిడని పిలిచి చూపించాను కూడా. "బాగుంది, ఫ్యాన్ వెయ్యండి" అంది.

కౌంటర్లో అమ్మాయి మొదటి పేజీని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"గ్రీన్‌తో రాశారేంది సార్? మీరు గెజిటెడ్డా?"

"గ్రీన్ కాదమ్మా. బ్లూ-బ్లాక్."

"బ్లూనా, బ్లాకా?"

ఇన్నేళ్లుగా జేబుకి మూడు పెన్నులు పెట్టుకుని తిరుగుతున్నా, నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. కాగితం వంక చూస్తే నిజంగానే పచ్చగా ఉంది. రాత్రి సముద్రం, పొద్దున్నకి పాచి పట్టిన గుంట. ఫారం అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో అచ్చేసి ఉంది: నీలం లేదా నలుపు సిరాతో మాత్రమే పూరించవలెను. "లేదా" అని ఉంది. తమరి పేరులో ఉన్నది "లేదా" కాదు, మధ్యలో ఓ చిన్న గీత. ఆ గీతకి అర్థమేమిటో ఆ అమ్మాయికి చెప్పలేక నోరు తెరుచుకుని నిలబడ్డాను.

సూపరింటెండెంట్ గారు కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి, "బ్లూనే. కాకపోతే కొంచెం చెడిపోయింది" అన్నారు. పక్క సీటాయన "నలుపే అబ్బయ్యా, వెలిసిపోయింది" అన్నాడు. ఫైళ్లు మోసుకొస్తున్న అటెండరు నడుస్తూనే తేల్చేశాడు: "నెమలికంఠం సార్. మా ఇంటామెకి ఈ రంగులోనే వెంకటగిరి చీర తెచ్చినా." ఆ గదిలో కళ్లున్నది ఆయనొక్కడికే. ఏం లాభం, ఫారంలో నెమలికంఠానికి చోటు లేదు.

అంతటితో వదిలినా బాగుండేది. వంగి ఆ అచ్చు చదువుతుంటే నుదుటి మీంచి ఒక చెమట చుక్క టప్పున పడింది, సరిగ్గా మా నాన్న పేరు మీద. ఇంటిపేరు దక్కింది. పేరు మాత్రం చూస్తుండగానే చిన్న చెరువైంది. అంచున నీలం, లోపల ఊదా, నడిమధ్య ఏమీ లేదు.

"మీ నాన్నగారి పేరు కనపడటం లేదు సార్."

నేను పోయిందే ఆయన పేరు తీసేయించడానికి. కానీ ఈ పద్ధతిలో కాదు.

కొత్త ఫారం కొని, ఆ ఐదు రూపాయల పెన్నుతో నాలుగు పేజీలూ జెరాక్స్ మిషను మూత మీద పెట్టి మళ్లీ రాసేసరికి భోజనాల టైం అయింది. భోజనాల తర్వాత సర్వర్ డౌన్. నాలుగున్నరకి "సోమవారం రండి సార్".

ఇదీ జరిగింది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మిమ్మల్ని నేను ఆషామాషీగా ఎంచుకోలేదు. మా అబ్బాయికి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత విచారించలేదు. మూడు నెలల్లో ఆరు సీసాలు. ఆరింటి మీదా బ్లూ-బ్లాక్ అనే ఉంది, ఆరూ ఆరు రంగులు! ఒకటి కారునలుపు. ట్యూబ్‌లైటు కింద కాగితాన్ని అటూ ఇటూ వంచితే ఎక్కడో ఓ మూల నీలం ఉందేమోనని అనుమానం వస్తుంది, అంతే. ఒకటి రాసేటప్పుడు బడిపిల్లల లాగూ రంగు, ఆరాక పలక తుడిచిన నీళ్లు. ఇంకోదాని ఫొటో ఫోనులో చూసి మురిసిపోయి తెప్పించుకుంటే, ఆ రంగు ఫోనుదేనని తర్వాత తెలిసింది. కొరియర్ అబ్బాయి సీసాని తలకిందులుగా మోసుకొచ్చిన సంగతి ఇప్పుడు ఎత్తను.

అంతకుముందు ట్రంకు రోడ్డులో ఒక షాపులో అడిగాను. "బ్లూ ఉంది, బ్లాక్ ఉంది సార్. రెండూ కొనుక్కుని ఇంట్లో కలుపుకోండి" అన్నాడు. ఎంత అజ్ఞానం అని లోపల నవ్వుకుని, బయటికి జాలిగా చూసి వచ్చేశాను. ఆ షాపతనికి ఇందుమూలంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆయన చెప్పిందే మీ కంపెనీలు చాలావరకు చేస్తున్నాయి. ఆఫీసు నుంచి వచ్చిన రాత్రి టిష్యూ కాగితం సన్నగా చించి, కొసన మీ చుక్క ఒకటి పెట్టి, నీళ్లలో అంచు ముంచి నిలబెట్టాను. నీళ్లు పైకి పాకేకొద్దీ మీ సంసారం బయటపడింది. అన్నిటికన్నా పైకి ఎగబాకింది ఓ పచ్చటి నీలం, దాని కింద ఊదా, కింద ఎక్కడ పెట్టిన చుక్క అక్కడే కదలని బూడిద. నలుపు ఏది? ఎక్కడా లేదు. నలుగురు కూడి నలుపు వేషం కట్టారు, తడి తగలగానే ఎవరి ఊరికి వాళ్లు బస్సెక్కారు.

మిగతావాటి మీద నాకు పెద్ద పట్టింపు లేదు. మన కాగితం మీద మీరు ఈగ కాళ్లలా పాకుతారు, అది కాగితం చేసుకున్న ఖర్మ. మే నెలలో మా ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులో సిరా అడుగంటితే, చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి మిమ్మల్ని చొక్కా మీదకి కక్కుతుంది, అది ఎండ తప్పు. బోరునీళ్లతో కడిగితే పాళీ కింద ఉప్పు పేరుకుంటుంది, అందుకని మీ స్నానానికి కూడా క్యాన్ నీళ్లే వాడుతున్నాను. ఇవన్నీ భరించాను, ఇకముందూ భరిస్తాను.

ఆ పేరుంది చూశారూ, దాన్ని భరించలేను.

ఎందుకంటే ఆ గీతకి ఒకప్పుడు అర్థం ఉండేది. బ్లూ-బ్లాక్ అంటే నీలమూ నలుపూ కలిసిన రంగని కాదు. ముందు నీలం, తర్వాత నలుపు. ఇనుప లవణమూ, చెట్టు కాయల్లోని వగరూ కలిపి కాచిన సిరా అది. రాసేటప్పుడు ఆ రెంటి కలయిక పల్చగా, కనీకనిపించకుండా ఉంటుంది కాబట్టి, చేతికి దారి కనపడటానికి కాస్త నీలం రంగు వేసేవాళ్లు. గాలి తగిలేకొద్దీ ఇనుము లోపల్లోపలే మారి, కాగితం నారలోనే నల్లగా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత నీళ్లు పోస్తే నీలం పోతుంది, రాత పోదు. అది రంగు పేరు కాదు, మాట ఇవ్వడం. ఈరోజు నీలంగా ఉన్నాను, రేపటికి నలుపెక్కుతాను, ఆ తర్వాత కదలను అని.

ఇదేదో దొరల విద్య అనుకునేరు. పచ్చి అరటికాయని ఇనప కత్తిపీట మీద తరిగిన చేతిని అడగండి, వేళ్లు ఎందుకు నల్లబడతాయో. మన పాతకాలం సిరాల్లో కరక్కాయా అన్నభేదీ ఉండేవి, అదే వగరు, అదే ఇనుము. మాకు పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు బట్టని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసీం అనే ఇనప నీళ్లు తీస్తారు. కుండలో ఉన్నప్పుడు ఆ నీళ్లకి అంత నలుపేమీ ఉండదు. వెదురు కలంతో బట్ట మీద గీత లాగితే మాత్రం కళ్లముందే నల్లబడుతుంది. చాకిరేవుకి పోయి వచ్చినా ఆ గీత ఆ గీతే. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇనప సిరాకే రిజిస్ట్రార్స్ ఇంక్ అని పేరు. పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ దాంతోనే రాసుకున్నారు. మన ఐఎస్ఐ వాళ్లు కూడా ఫెర్రో గాలో టానేట్ సిరా అని దీనికి వేరే ప్రమాణమే రాసి పెట్టారు.

మా తాత అప్పుల పుస్తకం ఒకటి బీరువాలో ఉంది. కాగితం అప్పడంలా పెళుసెక్కింది, తిప్పితే అంచులు రాలుతున్నాయి. రాత మాత్రం నల్లగా నిలబడి ఉంది. పుట్టి వడ్లు, పన్నెండు రూపాయలు, మొదటి కోడలి గాజులు తాకట్టు. ఒకచోట మజ్జిగో ఏదో ఒలికి పేజీ సగం మరక. మరక కిందనుంచి కూడా అక్షరాలు కనపడుతున్నాయి. ఇచ్చినవాడూ పోయాడు, తీసుకున్నవాడూ పోయాడు, బాకీ మాత్రం అణా తగ్గకుండా ఉంది. మా నాన్న పేరు నా చేతిరాతలో ఒక్క చెమట చుక్కకి ఆగలేదు.

ఇప్పటి మీ వంశంలో చాలామందికి ఒంట్లో ఇనుము లేదు. పెన్నులు పట్టేస్తాయని, పాళీలు తినేస్తాయని ఇనుము తీసేశారు. సరే, తీసేసుకోండి. పేరు కూడా తీసేయాలి కదా! 1931లో పార్కర్ వాళ్లు క్విక్, ఇంక్ కలిపి క్వింక్ అని పెట్టారు, త్వరగా ఆరుతుందని పేరులోనే చెప్పారు. వాటర్‌మన్ వాళ్లు తమ బ్లూ-బ్లాక్‌కి పేరు మార్చి "మిస్టీరియస్ బ్లూ" అన్నారు. మాకూ అర్థం కావడం లేదు బాబూ అని ఒప్పుకున్నట్టే, మర్యాదస్తులు. ఓటేసినప్పుడు వేలికి పూసే సిరానైనా చూసి నేర్చుకోకూడదా? వెండి ఉప్పు, మైసూరులో తయారీ. వెలుతురు తగిలితే నల్లబడతానంటుంది, నల్లబడుతుంది, వారాలపాటు ఉంటుంది. మనం ఓటేసినవాళ్ల మాట కూడా అన్నాళ్లు ఉండదు. నువ్వేమో సీసా మీద రెండు రంగులు రాసుకుని, కాగితం మీద మూడోది చూపించి, చుక్క నీళ్లకే పారిపోయే పిరికిదానివి. సిగ్గులేదా నీకు? అక్కడ నలుగురిలో నన్ను "మీరు గెజిటెడ్డా" అనిపిస్తావా? నేను రిటైరయిందే సీనియర్ అసిస్టెంట్‌గా! ముప్ఫై రెండేళ్లు ఆ ఆకుపచ్చ సంతకాల కింద పనిచేసినవాణ్ణి, నన్ను పట్టుకుని ఆ మాటా?

మర్యాద తప్పాను. పోనీలే, ఇంత దూరం వచ్చాక మళ్లీ "తమరు" అని ఏం అంటాను.

ఒక తప్పు నాదీ ఉంది. ఆ ఆరు సీసాల్లో ఒకటి ఇనుమున్నదే. పెలికాన్ 4001లోనూ జపాన్ ప్లాటినంలోనూ పాత పద్ధతి బ్లూ-బ్లాక్ ఇంకా వస్తోంది, అందులో ఒకటి తెప్పించాను. తెప్పించి, పెన్నులో ఎండిపోతే కష్టం, వారానికోసారి కడగాలి, ఇంకో సిరాతో కలపకూడదు అన్న జాగ్రత్తలన్నీ చదివి, టెన్షన్ పడి, బీరువాలో తాత పుస్తకం పక్కనే పెట్టేశాను. అందంగా ఉందని ఇనుము లేని నీ చెల్లెలితో అర్జీ రాశాను.

ఈరోజు ఆదివారం. మధ్యాహ్నం చేపల పులుసు తిని, ఆ సీసా మూత తీశాను. ఒక కాగితం మీద మా నాన్న పేరు రాసి కిటికీ దగ్గర పెట్టాను. అప్పుడు లేత నీలం. సాయంత్రం కాఫీ వేళకి కాస్త బూడిద కలిసింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది, అక్షరాల మధ్యలో చీకటి పడుతోంది. వేలు తడిచేసి రుద్దాను. నీలం వేలికంటింది. పేరు ఉంది.

రేపు పొద్దున నిన్నే పెన్నులో పోసుకుని పోతున్నా. అర్జీ బాల్ పెన్నుదే, దాన్ని ఇక కదపను. కింద సంతకానికి మాత్రం ఖాళీ ఉంచాను, కౌంటర్ దగ్గరే ఆ అమ్మాయి ముందు పెడతాను. బ్లూనా బ్లాకా అంటే బ్లూ అని చెప్తా. అప్పటికి అది నిజమే. ఫైలు సూపరింటెండెంట్ గారి టేబుల్‌కి పోయేసరికి ఎలాగూ నాలుగు రోజులు పడుతుంది. ఆలోపు నువ్వు నల్లబడి ఉండు.

ఇట్లు,
గెజిటెడ్ కాని నీ నెల్లూరు వాడు