సవరణ: బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే

విభాగ న్యాయం (బ్రాకెట్ బయటి సంఖ్యను లోపల కూడిన లేదా తీసివేసిన పదాలన్నిటికీ పంచడం) మీద నిన్నటి పోస్టులో "బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ గుణించండి" అని రాశాను. ఆ మాట సరైనదే, కానీ బయటి సంఖ్యకు ముందున్న గుర్తు కూడా దానితోనే లోపలికి వెళ్తుందని అక్కడ విడిగా చెప్పలేదు, చాలామంది పిల్లలకు మార్కులు పోయేది సరిగ్గా అక్కడే.

10 − 3(క − 2) = 4 తీసుకోండి. ఇక్కడ గుణించాల్సింది 3తో కాదు, −3తో. −3ని కతో గుణిస్తే −3క, −2తో గుణిస్తే +6. అంటే 10 − 3క + 6 = 4, దాన్నుంచి 3క = 12, క = 4. రెండో పదం దగ్గర గుర్తు మార్చడం మర్చిపోయి −6 రాస్తే క = 0 వస్తుంది, దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి చూడండి, ఎడమవైపు 16 అవుతుంది, 4 కాదు. ఇంకొందరు ముందే 10లోంచి 3 తీసేసి 7(క − 2) అని రాస్తారు, అదీ కుదరదు, ఎందుకంటే ఆ 3 బ్రాకెట్‌ను గుణిస్తోంది, తీసివేత కంటే ముందు గుణకారం జరగాలి.

ఇంకోటి. సమీకరణం సాధించడానికి బ్రాకెట్ విప్పడం "తప్పనిసరి" అని నిన్నటి పోస్టులో ఉన్న మాట తీసేశాను. 4(క + 5) = 32 లాంటి వాటిలో రెండువైపులా 4తో భాగిస్తే చాలు, క + 5 = 8, క = 3. విప్పినా ఇదే జవాబు వస్తుంది, కాకపోతే ఒక మెట్టు ఎక్కువ.

అలాగే 3(2 × క) లాంటి చోట లోపల కూడికా తీసివేతా లేవు కాబట్టి 3ని 2కీ, కకీ విడివిడిగా పంచకూడదు, అది 6క మాత్రమే, 18క కాదు.