పగుళ్ల నుంచి పుట్టిన వంతెన

స్విట్జర్లాండ్ వంతెనల ఇంజనీరు రాబర్ట్ మయ్యార్‌పై మీరు ప్రచురించిన వ్యాసం బాగుంది. కానీ అక్కడ ఆయన కట్టిన సాల్గినాటోబెల్ వంతెన అందంతోనే ఆపేశారు. ఆ రూపం ఎలా వచ్చిందో కూడా చెప్పాల్సింది. 1901లో స్విట్జర్లాండ్‌లోని జువోజ్‌లో ఆయన కట్టిన కాంక్రీటు వంతెనకు, గట్ల దగ్గర పక్కగోడల్లో పగుళ్లు వచ్చాయి. ఇంకొకరైతే అక్కడ ఇనుము పెంచి గోడ మందం చేసేవారు. మయ్యార్ మాత్రం ఆ భాగం అనవసరమని గ్రహించి, 1905లో తవనాసా వంతెనలో దాన్ని పూర్తిగా తీసేశారు! ఎంత ధైర్యం! రెండు చివర్లా, నడినెత్తినా ఉన్న మూడు కీళ్ల (కొద్దిగా తిరగగలిగే అతుకుల) వద్ద సన్నగా, వాటి మధ్య లోతుగా ఉండే కమాను అలా రూపుదిద్దుకుంది. తవనాసా 1927లో కొండచరియలకు కొట్టుకుపోయినా, అదే ఆలోచన 1930లో 90 మీటర్ల కమానుతో సాల్గినాటోబెల్‌గా నిలబడింది. పగులు కనబడగానే పూత పూసి కప్పేసే నిర్మాణ సైట్లు చాలా చూశాను. ఈ కథను మన సివిల్ విద్యార్థులకు మొదటి ఏడాదే చెప్పాలి.