సముద్ర నక్షత్రం మన చుట్టమే అండీ: ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులు

వారం నుంచి చెన్నై తెలుగువాళ్ళ గ్రూపులన్నిట్లో ఒక ఫోటో తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పెరంబూరులో ఉన్న మా పిన్నివాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, మొన్న నా దగ్గర నీట్ బయాలజీకి ట్యూషన్‌కి వచ్చే అమ్మాయి కూడా "అక్కా, ఇది కరెక్టేనా, నోట్సులో రాసేసుకోనా" అని అదే పంపింది. అక్కడే నాకు భయమేసింది, ఎందుకంటే ఆ పిల్ల ఇది నిజమనుకుని పరీక్షలో రాస్తే మార్కు పోతుంది, మార్కు సంగతి పక్కన పెట్టినా ఒక అందమైన విషయం తలకిందులుగా బుర్రలో పడిపోతుంది.

ఫోటో చూడనివాళ్ళకి అందులో ఏముందో చెప్తా. జంతువులన్నీ రెండే రకాలట, నిలువుగా కోస్తే రెండు సమాన సగాలు వచ్చే ద్విపార్శ్వ జీవులు ఒకటి, గుండ్రంగా ఉండేవి ఇంకోటి. సముద్ర నక్షత్రం, జెల్లీ ఫిష్ రెండూ గుండ్రం కాబట్టి ఒకే కుటుంబమట. మనిషి గుండె ఎడమపక్క ఉంటుంది కాబట్టి మనిషి అసలు ద్విపార్శ్వ జీవే కాదట, పుస్తకాలు తప్పట. రెండు సగాలు ఎంత బాగా కలిస్తే ఆ జీవి అంత ఉన్నతమట. ఆఖర్న, సైంటిస్టులు మాటిమాటికీ లిస్టు మార్చేస్తున్నారు కాబట్టి ఇదంతా ఊహేనట. కింద "అందరికీ షేర్ చేయండి" అని ఉంది, జనం చేశారు.

ఒక్కొక్కటీ చూద్దాం.

రెండే రకాలు అన్నది ముందు. స్పాంజి అనే నీటి జంతువుని ఎక్కడ పెడతారు? సుమారు 9,000 జాతుల స్పాంజీలకి పేర్లు పెట్టారు, వాటిలో చాలావాటికి సగాలూ లేవు, గుండ్రమూ లేదు, ఏ రాయి మీద పెరిగితే ఆ రాయి ఆకారమే. కోంబ్ జెల్లీలని ఇంకో గుంపు ఉంది, వాటిది ఇంటర్ పుస్తకంలో ద్వివలయ సౌష్ఠవం అని చదువుకున్నదే, పూర్తిగా గుండ్రం కాదు, పూర్తిగా మనలాగా కాదు. సముద్రపు ఆనిమోన్ చూడ్డానికి పువ్వులా గుండ్రంగా ఉంటుంది గానీ దాని నోరు సన్నటి చీలికలా ఉంటుంది, లోపల తెరలు కూడా ఆ చీలికకి అటూ ఇటూ అమరి ఉంటాయి, అంటే గుండ్రం అనుకున్నదాంట్లోనే రెండు పక్కలు దాక్కుని ఉన్నాయి. అయినా ఆనిమోన్‌ని ఎవరూ ద్విపార్శ్వ జీవుల్లో కలపలేదు. ఎందుకు కలపలేదు అన్నదే అసలు పాయింటు.

ఈ ద్విపార్శ్వ జీవులకి బైలటేరియా అనే పేరు 1888లో హాట్షెక్ అనే జంతుశాస్త్రవేత్త పెట్టాడు. పేరు ఆకారాన్ని బట్టే వచ్చింది, నిజమే. కానీ ఇవాళ ఆ పేరుకి అర్థం ఒక వంశం. ఒకే మూలజీవి నుంచి దిగి వచ్చిన సంతానం మొత్తం ఆ పేరు కిందకి వస్తుంది, తర్వాత ఎవరి రూపం ఎలా మారినా సరే. మన ఇంటిపేర్లు ఎలాగో అలాగే. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని సామెత ఉంది కదా, ఇంట్లో వాసన మారినంత మాత్రాన ఇంటిపేరు పోదు. ఆస్ట్రేలియాలో ఇకేరియా అని ఒక శిలాజం గురించి 2020లో ప్రకటించారు, దాదాపు 55 కోట్ల ఏళ్ళ కిందటిది, పెద్ద సైజుది కూడా బియ్యపుగింజంతే, ముందూ వెనకా ఉన్న చిన్న పురుగులాంటిది. మనలాంటివాళ్ళందరి పూర్వీకుల రూపం ఇంచుమించు అలా ఉండి ఉంటుందని అనుకుంటున్నారు.

ఇప్పుడు సముద్ర నక్షత్రం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతా, నాకు బాగా ఇష్టమైన జీవి ఇది, ఫార్వర్డ్ ఎక్కువ అన్యాయం చేసింది కూడా దీనికే.

జెల్లీ ఫిష్‌కి ఉండేది రెండు కణాల పొరలు, మధ్యలో జిగురు. తినేదీ బయటికి పంపేదీ ఒకే రంధ్రంలోంచి. సముద్ర నక్షత్రం అలా కాదు, మనలాగే మూడు పొరల నుంచి తయారవుతుంది, లోపల శరీరకుహరం అనే ఖాళీ చోటు ఉంటుంది, కింద నోరు, చాలా జాతుల్లో పైన వేరే మలద్వారం. రెండిటినీ కలిపేయడం కొత్త తప్పేం కాదు, 1817లో ఫ్రాన్సులో కువియే అనే అంత పెద్ద జంతుశాస్త్రవేత్త కూడా రేడియేటా అని ఒక గుంపు చేసి రెండిటినీ అందులో వేశాడు. 1840ల చివర్లోనే ల్యూకార్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని విడదీశాడు. అంటే మన గ్రూపుల్లో తిరుగుతున్నది దాదాపు రెండొందల ఏళ్ళ కిందట చేసి, నూట డెబ్భై అయిదేళ్ళ కిందటే దిద్దేసిన తప్పు.

సముద్ర నక్షత్రం పుట్టినప్పుడు ఎలా ఉంటుందో ఎంతమంది చూశారో తెలీదు గానీ, నేను డిగ్రీలో మైక్రోస్కోపు కింద స్లయిడ్ చూసినప్పుడు నమ్మలేకపోయాను. గాజులా పారదర్శకంగా ఉంటుంది లార్వా, పేరు బైపిన్నేరియా, దానికి ఎడమ ఉంది, కుడి ఉంది, ముందు ఉంది, వెనక ఉంది, నిలువుగా గీత గీస్తే రెండు సగాలు చక్కగా కలుస్తాయి. అది నీళ్ళలో తేలుతూ తిరిగీ తిరిగీ కొన్ని వారాలయ్యాక దాని ఎడమ పక్క నుంచి ఐదు చేతుల శరీరం మొలకెత్తడం మొదలవుతుంది, మిగతా లార్వా శరీరం చాలావరకు కరిగిపోతుంది. అంటే ఆ ఐదు చేతుల గుండ్రం అనేది తర్వాత వేసుకున్న వేషం, పుట్టుక మాత్రం ద్విపార్శ్వమే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో కూడా ఈ ముక్క ఉంది, పెద్దవి వలయ సౌష్ఠవం (గుండ్రటి అమరిక), లార్వాలు ద్విపార్శ్వ సౌష్ఠవం (రెండు సగాల అమరిక) అని.

దీని వెనక ఒక మంచి కథ ఉంది. 1850లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ సముద్రంలో ఒక చిన్న లార్వాని వర్ణించి దానికి టోర్నేరియా అని పేరు పెట్టాడు, అచ్చం బైపిన్నేరియాలా ఉంది కాబట్టి అది ఏదో సముద్ర నక్షత్రం పిల్లే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే మెచ్నికోవ్ అనే రష్యన్ దాన్ని పరిశీలించి, కాదు, ఇది బెలనోగ్లాసస్ అనే సముద్రపు పురుగు పిల్ల అని తేల్చాడు. ఆ పురుగుకి మొప్ప చీలికలు ఉంటాయి, చేపలకి, పిండంగా ఉన్నప్పుడు మనకీ ఉండే లాంటివి. అంటే ఒక చేత్తో సముద్ర నక్షత్రాన్ని, ఇంకో చేత్తో మనల్ని పట్టుకున్న జీవి దొరికినట్టు. ఆ పురుగు చుట్టం మన రాష్ట్రంలోనే ఉంది తెలుసా, రామేశ్వరం దగ్గర కురుసడై దీవిలో, ఆ దీవి జీవుల మీద మన ఎగ్మూర్ మ్యూజియం 1927లో ప్రత్యేకంగా ఒక బులెటిన్ వేసింది. ఆ మెచ్నికోవే 1882లో ఇటలీలో మెస్సీనాలో సముద్ర నక్షత్రం లార్వాలో ముల్లు గుచ్చి, కణాలు వచ్చి ముల్లుని చుట్టుముట్టడం చూశాడు, మన రక్తంలో తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని మింగే పని అలా అర్థమైంది, దానికి 1908లో నోబెల్ కూడా వచ్చింది. జెల్లీ ఫిష్ చుట్టం అని పక్కన పడేసిన జీవి మన రోగనిరోధక శక్తి గురించి మనకి పాఠం చెప్పింది.

అదే 1908లో గ్రోబెన్ అనే ఆయన ద్విపార్శ్వ జీవుల్ని రెండు పెద్ద శాఖలు చేశాడు. పిండం మొదట కణాల బంతిలా ఉంటుంది కదా, అది ఒకచోట లోపలికి సొట్టపడి రంధ్రం వస్తుంది. చాలా పురుగుల్లో, నత్తల్లో ఆ రంధ్రం పక్కనే నోరు వస్తుంది, వాటిని ప్రోటోస్టోమియా అన్నాడు. మనలో, సముద్ర నక్షత్రంలో ఆ రంధ్రం మలద్వారం అవుతుంది, నోరు తర్వాత వేరేచోట తెరుచుకుంటుంది, ఇవి డ్యుటెరోస్టోమియా. ఈ నోరు లెక్కకి మినహాయింపులు ఉన్నాయి, కొన్ని ప్రోటోస్టోమ్ పురుగుల్లో కూడా మన పద్ధతే కనపడింది, కాబట్టి ఇదొక్కటే పట్టుకుని ఎవరూ కూర్చోవట్లేదు. డీఎన్ఏ చూసినా సముద్ర నక్షత్రం జెల్లీ ఫిష్ దగ్గరికి పోలేదు, మన వైపే నిలబడింది. పీతకంటే, రొయ్యకంటే, తేనెటీగకంటే సముద్ర నక్షత్రమే మనకి దగ్గర. 2023లో నేచర్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది, సముద్ర నక్షత్రం పై పొరలో ఏ జీన్ ఎక్కడ పనిచేస్తుందో మ్యాపు గీస్తే, మిగతా జంతువుల్లో తలని గీసే జీన్లే దాని చేతుల పొడుగునా కనపడ్డాయి, మొండెం జీన్లు ఆ పొరలో దాదాపు లేవు. నాకు ఇది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

మూడో మాట, గుండె ఎడమపక్క ఉంది కాబట్టి మనం ద్విపార్శ్వం కాదు అన్నది. ఒక్కసారి ఆలోచించండి, ఎడమ అనేది ఒకటి ఉంటేనే కదా గుండె ఎడమపక్క ఉంది అనగలం? జెల్లీ ఫిష్‌లో ఎడమ ఏది, కుడి ఏది? లేవు. ముందూ వెనకా, పైనా కిందా అని రెండు గీతలు ఉన్న ఒంట్లోనే ఎడమ కుడి పుడతాయి, వాటిని తర్వాత వేరువేరుగా వాడుకోవచ్చు. పిండం చిన్నగా ఉన్నప్పుడు మనలో ఒకచోట సన్నటి నూగు లాంటి పోగులు తిరుగుతూ ద్రవాన్ని ఎడమకి నెడతాయి, ఎడమపక్క నోడల్ అనే జీన్ మేల్కొంటుంది, గుండె కొన చివరికి ఎడమకి తిరుగుతుంది. సుమారు 10,000 మందిలో ఒకరికి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, గుండె కుడిపక్క, లివర్ ఎడమపక్క, చాలామంది హాయిగా బతికేస్తారు.

ఈ నోడల్ మన సొత్తు మాత్రమే అనుకోకండి, నత్త గుల్ల ఎటు చుట్టుకోవాలో కూడా దాంతోనే ముడిపడి ఉందని 2009లో తేలింది, కుడి చుట్టు నత్తలో కుడిపక్క, ఎడమ చుట్టు నత్తలో ఎడమపక్క పనిచేస్తుంది. మన ఊళ్ళో వలంపురి శంఖు అని ఎంత ధర పెట్టి పూజలో పెడతారో తెలుసు కదా, మామూలు శంఖుకి తిరగబడి చుట్టుకున్న అరుదైన శంఖు అది, ఈ ఎడమ కుడి తేడా వల్లే దానికి ఆ విలువ. సముద్ర నక్షత్రం చుట్టమైన, ఒళ్ళంతా ముళ్ళుండే సముద్రపు అర్చిన్ లార్వాలో కూడా నోడల్ ఒక పక్కే పనిచేస్తుంది, కుడిపక్క, అందుకే పెద్ద శరీరం ఎడమపక్క మొలుస్తుంది. మార్కెట్‌లో నాక్కు మీన్ అని అమ్మే చేప చూడండి, రెండు కళ్ళూ ఒకే పక్క. పిల్లగా ఉన్నప్పుడు చెరో పక్కే ఉంటాయి, పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా అటు జరుగుతుంది. దాన్ని చేప కాదంటామా?

నాలుగోది ఎక్కువ టైమ్ తీసుకోదు. సగాలు బాగా కలిస్తే ఉన్నతం అంటే బద్దెపురుగు మనకంటే ఉన్నతం అవ్వాలి, దానికి గుండె పక్కకి వంగడం లాంటి బాధ లేదు, అసలు గుండే లేదు, నోరూ పేగూ కూడా లేవు, మన పేగులో కూర్చుని ఒంటితోనే పీల్చుకుంటుంది. అది కూడా బైలటేరియాలోనే ఉంది. పైగా మనిషి ద్విపార్శ్వమే కాదు అని మూడో లైన్లో అని, ద్విపార్శ్వమైతేనే ఉన్నతం అని నాలుగో లైన్లో ఎలా అంటారు?

ఆఖరిది, మారుస్తున్నారు కాబట్టి ఊహే అన్నది. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది, పిల్లల మీద ఎక్కువ పనిచేసేది ఇదే. మారిందా అంటే మారింది. వానపాముకీ జెర్రికీ ఒంట్లో ఖండాలు ఉంటాయి కాబట్టి రెండూ దగ్గర చుట్టాలని కువియే కాలం నుంచీ అనుకున్నారు. 1995లో, 1997లో జీన్లు పోల్చి చూస్తే వానపాము, జలగ వెళ్ళి నత్తల పక్కన, కాశిమేడులో కడంబా అని అమ్మే స్క్విడ్ పక్కన నిలబడ్డాయి. జెర్రి, పీత, రొయ్య వెళ్ళి ఏలికపాము పక్కన నిలబడ్డాయి. వినగానే వింతగా ఉంటుంది, కానీ పీత పెంకు విడుస్తుంది, బొద్దింక విడుస్తుంది, ఏలికపాము కూడా పెద్దదయ్యేలోపు నాలుగుసార్లు పైపొర విడుస్తుంది, వానపాము విడవదు. ఆ కుబుసం విడిచే గుంపుకే ఎక్డైసోజోవా అని పేరు. మొదట ఒకే జీన్ చూసి చెప్పారు, అందరూ ఒప్పుకోలేదు, తర్వాత వందల జీన్లు చూసినా అదే జవాబు వచ్చింది, అప్పుడు ఒప్పుకున్నారు.

తప్పులు చేయలేదా, చేశారు. స్వీడన్ దగ్గర సముద్రపు బురదలో దొరికే జెనోటర్బెల్లా అనే పురుగుని 1949లో వర్ణించారు. 1997లో డీఎన్ఏ తీసి ఇది ఆల్చిప్పల జాతి అన్నారు, కొన్నేళ్ళకి తెలిసిందేంటంటే ఆ డీఎన్ఏ పురుగుది కాదు, అది తిన్న ఆల్చిప్పలది. 2003లో దిద్దుకున్నారు. దాని అసలు చోటు ఏంటని ఇప్పటికీ వాదన నడుస్తోంది, మిగతా ద్విపార్శ్వ జీవులన్నిటికంటే ముందే విడిపోయిందని కొందరు, కాదు సముద్ర నక్షత్రాల దగ్గరి చుట్టమే అని కొందరు. ఇద్దరూ లెక్కలు, జీన్లు ముందు పెట్టుకుని వాదించుకుంటున్నారు, ఎవరు తప్పో చూపించే దారి తెరిచే ఉంది. ఊహ అయితే తప్పని ఎలా పట్టుకునేవాళ్ళు?

ట్యూషన్ పిల్లకి నేను ఇచ్చిన జవాబు ఇది: ఇఖైనోడర్మేటా (సముద్ర నక్షత్రాలు ఉండే గుంపు) గురించి అడిగితే రెండూ రాయి, పెద్దవి వలయం, లార్వా ద్విపార్శ్వం, ఆ ఫోటోలో రెండో లైను నోట్సులోంచి కొట్టేయి. ఇంకా అనుమానం ఉన్నవాళ్ళకి తిరువాన్మియూర్ బీచ్‌లో ఇసకలో తెల్లగా బిళ్ళలా దొరికే సాండ్ డాలర్ గుల్ల చూపిస్తాను. దాని మీద ఐదు రేకుల పువ్వు ఉంటుంది, సముద్ర నక్షత్రం చుట్టం కదా. తిరగేస్తే మధ్యలో నోరు, మలద్వారం మాత్రం మధ్యలో ఉండదు, వెనక అంచు వైపు జరిగి ఉంటుంది. గుండ్రంగా మారిన జీవి మళ్ళీ ముందూ వెనకా తెచ్చుకుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి అక్కడే ఉంటా, పిల్లల్ని తీసుకురండి, ఒక భూతద్దం ఉంటే అది కూడా.