బోర్డు మీద మాంటిస్సోరి

మొన్న ఆదివారం మా పేపర్ మడతలోనే పెట్టి ఇంటింటికీ పంచిన ఒక కరపత్రం తిరిగి మా డెస్క్ మీదికే వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో మాంటిస్సోరి హైస్కూల్. దాని కింద, ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ ఫౌండేషన్. ఇంకా కింద వారం వారం టెస్టులు, రాత్రి ఎనిమిదింటి దాకా స్టడీ అవర్స్, మార్కులను బట్టి సెక్షన్లు. ఓ మూలన తెల్ల జుట్టుతో ఒక పెద్దావిడ ఫొటో. ఆవిడ మరియా మాంటిస్సోరి, పిల్లల చదువుకు తన పేరుతోనే ఒక పద్ధతి నెలకొల్పిన ఇటలీ డాక్టర్. బహుమతులూ శిక్షలూ వద్దని, పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చవద్దని చెప్పిన మనిషిని తీసుకొచ్చి ర్యాంకుల కాగితానికి అలంకారంగా అతికించారు.

ఆ బడి పేరు మేం రాయడం లేదు. రాస్తే తప్పు ఆ ఒక్క బడిదే అన్నట్టు ఉంటుంది. ఏ పట్టణంలో ఏ సెంటర్‌లో నిలబడినా ఇలాంటి బోర్డు ఒకటి కంటపడుతుంది. మన దగ్గర మాంటిస్సోరి అంటే ఇంగ్లిష్ మీడియం, టై, బెల్టు అనే అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆ పద్ధతిని నిజంగా నేర్చుకుని, ఓపికగా చిన్నపిల్లల బడులు నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. ఈ బోర్డుల వల్ల ముందుగా నష్టపోయేది వాళ్లే.

చిన్నపిల్లల బడి సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో పేద కుటుంబాల పిల్లల కోసం తెరిచిన ఇల్లు, పూసలు, చెక్క దిమ్మలు, గరుకు కాగితం అక్షరాలు. హైస్కూల్ గురించి ఆమె ఏమన్నారో మాత్రం ఈ యాజమాన్యాల్లో ఎందరు చదివారో మాకు అనుమానమే. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసును ఆమె ఒక ప్రత్యేక దశగా చూశారు. స్వయంగా డాక్టర్ కాబట్టి ముందు ఒంటి సంగతే మాట్లాడారు. ఆ దశ మొదట్లో శరీరం వేగంగా మారుతుంది, మనసు నిలకడగా ఉండదు, చదువు మీద పట్టు కూడా కొంత సడలుతుంది, కాబట్టి పుస్తకాల బరువు దించండి అన్నారు. బడి పల్లెలో, పొలం మధ్య ఉండాలన్నారు. పిల్లలు అక్కడే ఉండి సేద్యం చేయాలి. పండించినవి అమ్మడానికి ఒక కొట్టు నడపాలి. వచ్చిపోయేవాళ్లకు బస ఇచ్చే ఇల్లు చూసుకోవాలి, జమాఖర్చులు రాసుకోవాలి. సొంత కష్టంతో వచ్చిన డబ్బు విలువ ఆ వయసులోనే తెలియాలన్నది ఆమె పట్టుదల. దీన్ని ఆమె జర్మన్ మాటతో ఎర్డ్‌కిండర్ అన్నారు. మట్టి పిల్లలు అనుకోవచ్చు.

మన మాంటిస్సోరి హైస్కూల్లో మట్టి ఎక్కడుంది? అపార్ట్‌మెంట్ లాంటి భవనం, సెల్లార్‌లో బస్సులు, పీఈటీ పీరియడ్‌లో మ్యాథ్స్ సార్. ఆమె బరువు దించమన్న వయసు ఏదో, సరిగ్గా ఆ వయసుకే మనవాళ్లు ఫౌండేషన్ ఎత్తుతున్నారు. పైన ఆమె పేరే రాస్తున్నారు.

ఇదంతా ఎక్కడో యూరప్ ముచ్చట, మనకు తెలియలేదు అనడానికీ లేదు. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను శత్రుదేశస్తురాలిగా లెక్కగట్టి కదలికలకు ఆంక్షలు పెట్టింది. కొడుకు మారియోను అహ్మద్‌నగర్ శిబిరానికి పంపి, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు విడిచిపెట్టింది. తర్వాత కొన్నేళ్లు కొడైకెనాల్‌లో పనిచేసి 1946లో గానీ ఆమె యూరప్ వెళ్లలేదు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. చేతి పనితోనే చదువు అన్న మాట కూడా మనకు కొత్త కాదు, 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ పేరుతో చెప్పిందీ అదే.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు తప్పవు, ఎంసెట్ పేరు మారినా పోటీ తగ్గలేదు, తల్లిదండ్రులే ర్యాంకులు అడుగుతున్నారు, పిల్లల చేత నాట్లు వేయిస్తే ఫీజు ఎవరు కడతారు అని యాజమాన్యాలు అంటాయి. కొంత నిజమే. కానీ అది ఫౌండేషన్ పెట్టుకోవడానికి కారణం, ఆమె పేరు పెట్టుకోవడానికి కాదు. పరీక్షలున్న చోట ఆ పద్ధతి నడవదన్నదీ సాకే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1930లో మొదలైన మాంటిస్సోరి హైస్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి పిల్లలు కూడా చివర్లో దేశమంతా రాసే పరీక్షే రాస్తారు.

టెక్నో అని, ఒలింపియాడ్ అని రాసుకునే బడుల మీద మాకు వేరే కోపాలున్నాయి. అయినా అవి ఏం అమ్ముతున్నాయో చెప్పి అమ్ముతున్నాయి. వీళ్లు ఒకటి చూపించి ఇంకొకటి అమ్ముతున్నారు. నెయ్యి డబ్బాలో డాల్డా పోసి అమ్మితే తూనికలు, కొలతలవాళ్లో ఫుడ్ ఇన్‌స్పెక్టరో ఎవరో ఒకరు వస్తారు. బడి బోర్డు దగ్గరికి ఎవరూ రారు. మాంటిస్సోరి అన్న మాట ఏ ఒక్కరి సొత్తూ కాదని అమెరికాలో 1967లోనే తేలిపోయింది. ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకోవచ్చు సరే, ఏమీ చేయకుండా వాడుకోవచ్చా? గుర్తింపు ఇచ్చేటప్పుడు విద్యాశాఖ ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతుంది, భవనం కాగితాలు అడుగుతుంది. అయ్యా, బోర్డు మీద ఈ మాట రాశారు, ఆ పద్ధతిలో శిక్షణ పొందిన టీచర్ ఒక్కరైనా ఉన్నారా అని కూడా అడగాలి. ఇవాళ ఈ పేరును వదిలేస్తే రేపు టాగూర్ పేరూ గాంధీ పేరూ ఫౌండేషన్ బ్యాచ్‌లకు లేబుళ్లు అవుతాయి. కొన్నిచోట్ల అయ్యాయి కూడా.

ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మొత్తం మీద పది రోజులు! ఆ పది రోజులు మీ పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

మేమూ పతివ్రతలం కాదు. ఫలితాలు వచ్చిన మర్నాడు మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ర్యాంకులు వేసి డబ్బు తీసుకునేది మేమే. ఆ కరపత్రం మా మడతలోనే వెళ్లింది. ఈ సంపాదకీయం వచ్చాక కొన్ని ప్రకటనలు పోతాయని మా వాణిజ్య విభాగం టెన్షన్ పడుతోంది. పోనివ్వండి.

జూన్ 12న బడులు తెరుస్తారు. అప్పటిలోగా యాజమాన్యాలు ఒక పెయింటర్‌ను పిలిపించుకోవాలి. బోర్డు మీద ఆమె పేరు చెరపడానికి ఒక్క పూట చాలు, ఖర్చు ఒక పిల్లవాడి బస్సు ఫీజంత కూడా కాదు. ఫౌండేషన్ అన్న మాట మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి. ఆ బోర్డు మీద నిజం అదొక్కటే.