లక్కీ డ్రాలో కుక్కపిల్లా?

మొన్న సంక్రాంతికి తిరుపతిలో మన సంఘం పెట్టిన ఆత్మీయ సమ్మేళనంలో లక్కీ డ్రా మొదటి బహుమతి ఏమిటో వచ్చినవాళ్ళంతా చూశారు. బుట్టలో లాబ్రడార్ పిల్ల, మెడకి రిబ్బన్. డీజే మోతకి అది వణికిపోతుంటే చుట్టూ సెల్ఫీలు. గెలిచింది కొర్లగుంటలో ఒంటరిగా ఉండే ఓ రిటైర్డ్ మాస్టారు. ఆయన మొహంలో సంతోషం నాకైతే కనపడలేదు.

ఎవర్నీ తప్పుపట్టడానికి రాయడం లేదు (పట్టినట్టుంటే ఏమీ అనుకోకండి). అమ్మానాన్నలకి కాలక్షేపం అని కుక్కపిల్లని కొని పంపడం మనలో చాలామందికి అలవాటైపోయింది. మా అన్న అమెరికాలో కూర్చుని అమ్మకి హస్కీని ఆర్డర్ పెట్టాడు. మంచుదేశపు కుక్క, తిరుపతి మే నెల ఎండ! అమ్మ దానికి గదిలో ఏసీ వేసి తను వసారాలో పడుకునేది. కాస్త పెరిగేసరికి అది గొలుసుతో సహా ఆవిణ్ణి ఈడ్చుకుపోతుంటే, మోకాళ్ళ నొప్పులతో ఎక్కడ ఆపగలదు? చివరికి పీలేరు దగ్గర తోట ఉన్న చుట్టాలకి ఇచ్చేశాం.

అదే గుమ్మం ముందు నల్లోడని ఒక వీధికుక్క ఏళ్ళుగా ఉంది. అమ్మ దాన్ని గడప దాటనివ్వదు, మడి. కానీ రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి అరిటాకు ముక్కలో పెడుతుంది, వానొస్తే మెట్ల కింద గోనెసంచి పరుస్తుంది, ఒకపూట కనపడకపోతే వీధంతా వాకబు చేస్తుంది. మళ్ళీ "అది నా కుక్క కాదు" అంటుంది.

కొనడమే తప్పని అనను. పిల్లలున్న ఇంట్లో, తల్లికుక్క గుణం చూసుకుని, మొదటినుంచీ ఓపిగ్గా నేర్పుకుంటామంటే సరే. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంచి అమ్మేవాళ్ళకి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లిని చూపించమంటే నసిగేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వీధికుక్కతోనూ తిప్పలుంటాయి. దెబ్బలు తిన్నదైతే చీపురు ఎత్తితే చాలు, మంచం కింద దూరుతుంది, నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. అయితే ఎదిగిన కుక్క గుణం ముందే తెలిసిపోతుంది, ఎంత పెరుగుతుందో అన్న టెన్షన్ ఉండదు, మన ఎండలకి అలవాటుపడిన ఒళ్ళు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా దత్తత కావాలంటే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చంది, మళ్ళీ వీధిలో వదలకూడదన్నది షరతు. వైద్యానికి ఊళ్ళోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది.

అందుకే ఒక్క మాట. ఆర్డర్ పెట్టేముందు ఇంటికి ఫోన్ చేసి, "మన గుమ్మం ముందు ఏది పడుకుంటోందమ్మా?" అని అడగండి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు, పొద్దున్నే తిప్పడానికి ఒక కుర్రాడి జీతం మనం పెట్టుకుందాం. వసారాలో ఉంచాలా, నట్టింట్లోకి రానివ్వాలా అన్నది మాత్రం అమ్మకే వదిలేయండి.