సవరణ: పార్సిల్ పగిలితే ముందు నోటీసు, తర్వాతే కేసు

లాడ్ బజార్ గాజులు దారిలో పగిలిపోతే, ‘ప్యాకింగ్ సరిగా లేదు’ అంటూ కొరియర్ సంస్థ పరిహారం ఎగ్గొట్టిన సంగతి మొన్న రాశాను. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు రెండేళ్ల గడువుందన్న మాట చూసి, తీరిగ్గా కదలవచ్చని కొందరు అనుకున్నారు. దయచేసి ఆగకండి. రోడ్డు మార్గాన సరుకు చేరవేసే కొరియర్లకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వర్తిస్తుంది. దాని 16వ సెక్షన్ ప్రకారం కేసుకు ముందే, 180 రోజుల్లోపు, నష్టం గురించి కొరియర్ సంస్థకు రాతపూర్వక నోటీసు అందాలి. లెక్క మొదలయ్యేది పార్సిల్ చేతికొచ్చిన రోజున కాదు, బుక్ చేసిన రోజున! అందుకే రసీదు మీద తేదీ ముందు చూడండి. నలిగిన పెట్టె మూల, చుట్టిన బబుల్ కవరు, గాజు ముక్కలు కలిపి తీసిన ఫొటోలు నోటీసుకు జత చేయండి. ప్యాకింగ్ సాకుకు అవే జవాబు. సంస్థ ఆఫీసు ఎక్కడున్నా, హైదరాబాద్‌లో ఉండేవారు ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.